ఈడిపస్‌లో లోపం వెతకకండి: సోఫోక్లీస్ గురించి అపోహలు - వాస్తవాలు

నాటక సాహిత్యం పాఠం చెప్పే నాకు ప్రతి ఏడాదీ, ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన 'ఈడిపస్ రాజు' మీద జవాబు పత్రాల్లో ఒకటే వాక్యం కనిపిస్తుంది: "ఈడిపస్ అహంకారం వల్ల నాశనమయ్యాడు, అదే అతని హమార్టియా." గైడ్లలో అలా ఉంది కాబట్టి పిల్లలు బట్టీ పడుతున్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ మాట తప్పు.

అపోహ: హమార్టియా అంటే నాయకుడి స్వభావంలోని లోపం.

వాస్తవం: ఆ గ్రీకు మాటకు మూలం గురి తప్పడం. మన భాషలో పొరపాటు అనొచ్చు. పాపం, దోషం అనకూడదు. అరిస్టాటిల్ నాటకాల గురించి రాసిన 'పొయెటిక్స్' 13వ అధ్యాయంలో, నాయకుడు పడిపోయేది దుర్మార్గం వల్ల కాదనీ, హమార్టియా వల్లనేననీ అన్నాడు. పైగా అరిస్టాటిల్ పుట్టింది క్రీ.పూ. 384లో. అప్పటికే సోఫోక్లీస్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ సూత్రం ముందు పెట్టుకుని ఆయన నాటకాలు రాయలేదు.

కథ చూడండి. తండ్రిని చంపుతావని జోస్యం వినగానే, తల్లిదండ్రులనుకున్నవాళ్లకు దూరంగా ఉండాలని ఈడిపస్ కోరింత్ వదిలేశాడు. మూడు దారులు కలిసేచోట అతని అసలు తండ్రి లేయస్ మనుషులు అతన్ని దారిలోంచి నెట్టారు, లేయస్ ముల్లుకర్రతో తలమీద కొట్టాడు. ఇతను తిరగబడి అతన్ని చంపేశాడు. కోపిష్టే, కాదనను. కానీ ఆ ముసలాయన తన తండ్రని తెలియదు. అసలు విషయం అదీ. జోస్యం చెప్పే టైరీసియస్ మీదా బావమరిది క్రేయాన్ మీదా అరిచేది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. అప్పటికే తండ్రి హత్యా, తెలియక తల్లితో పెళ్లీ రెండూ జరిగిపోయాయి. ఆ అరుపులు దేనికీ కారణం కావు.

ఒకసారి క్లాసు అయ్యాక ఒక అమ్మాయి ఆగిపోయింది. నకిలీ విత్తనాల వల్ల వాళ్ల నాన్న పత్తి మొత్తం పోయింది. "ఊళ్లో అందరూ నాన్నే ఏదో చేసుకున్నాడంటున్నారు సార్. ఆయనలో లోపమేంటి?" అంది. ప్యాకెట్టు మీద రాసింది నమ్మాడమ్మా, అంతే అన్నాను. "అయితే పొరపాటే కదా సార్, లోపం కాదుగా?" అని రెండుసార్లు అడిగింది. హమార్టియాకు అంత సరిగ్గా అర్థం చెప్పిన పుస్తకాన్ని నేను చూడలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'ఈడిపస్ రాజు', 'కొలోనస్‌లో ఈడిపస్', 'యాంటిగొనీ' నాటకాలు ఒక త్రయం కావు, వేర్వేరు ఏళ్లలో ఆడినవి. కథలో చివరిదైన 'యాంటిగొనీ'నే ముందు రాశాడు. 'ఈడిపస్ రాజు'కు మొదటి బహుమతి రాలేదు, ఆ ఏడు ఫిలోక్లీస్ అనే మరో నాటకకర్త గెలిచాడు. సోఫోక్లీస్ రాసినవి ఏడే కాదు, 120కి పైగా. మనకు పూర్తిగా మిగిలినవి ఏడు. మూలన కూర్చుని రాసుకునే మనిషీ కాదు, సేమోస్ యుద్ధంలో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌తో పాటు సేనాని. ఇక ద్రాక్షపండు గొంతులో అడ్డుపడి చనిపోయాడన్న కథలు పరీక్షలో రాయకండి.

మార్కులు పోతాయని టెన్షన్ పడుతున్నవాళ్లు 13వ అధ్యాయం పేరు చెప్పి రాయండి, ఆధారం మీ చేతిలోనే ఉంటుంది. వీలైతే 'కొలోనస్‌లో ఈడిపస్' కూడా చదవండి. దాదాపు తొంభై ఏళ్ల వయసులో సోఫోక్లీస్ రాసింది అది. ఆయన పోయాక క్రీ.పూ. 401లో మనవడు ఆడించాడు. గుడ్డివాడైన ఈడిపస్ అందులో క్రేయాన్ ఎదుట నిలబడి, నేను తెలిసి చేయలేదు, నన్నెలా నిందిస్తావని తనే వాదిస్తాడు.