పేరున్న కళాశాల, ర్యాంకున్న విశ్వవిద్యాలయం: ఎంపిక వేళ అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల పై చదువులు చదవాలనుకునే విద్యార్థి ముందున్న సంస్థల జాబితా చిన్నదేమీ కాదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, విజ్ఞానశాస్త్రాల విద్యా పరిశోధన సంస్థ ఐసర్, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొందిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం, వీటికి తోడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఈఏపీసెట్ ఫలితాలు వెలువడి వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరపడేసరికి ఎయిర్ బైపాస్ రోడ్డు పొడవునా హోర్డింగులు మారిపోతాయి. ప్రతి దాని మీదా ఒక ర్యాంకో, ఒక గ్రేడో, ఒక ప్యాకేజీ అంకో ఉంటుంది.

నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, అక్కడి నాణ్యతా విభాగం బాధ్యతలు కూడా చూస్తున్నాను. ర్యాంకులిచ్చే సంస్థలకూ గ్రేడులిచ్చే సంస్థలకూ మేము పంపే అంకెలను శాఖల వారీగా సేకరించి, సరిచూసి, పోర్టల్‌లో నింపే పని మా గదిలోనే జరుగుతుంది. కాబట్టి ఆ హోర్డింగుల మీది అంకెలు ఎక్కడ పుడతాయో, దేనికి పనికొస్తాయో, దేనికి పనికిరావో చెప్పగల స్థితిలో ఉన్నానని అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను: పేరు ప్రతిష్ఠలు సంస్థకు వస్తాయి, విద్యార్థి మాత్రం చదివేది ఒక శాఖలో. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చూడకపోవడం వల్లనే అపోహలలో సగం పుడుతున్నాయి.

అపోహ: ర్యాంకు పైన ఉన్న సంస్థలో చదువు కూడా పైన ఉంటుంది.

వాస్తవం: ఏ ర్యాంకైనా దాని వెనుక ఉన్న తూకాలను బట్టే వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో విశ్వవిద్యాలయాలకూ ఇంజినీరింగ్ సంస్థలకూ బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, ఉత్తీర్ణుల ఫలితాలకు 20 శాతం, అందరికీ అందుబాటుకు 10 శాతం, జనంలో ఉన్న పేరుకు 10 శాతం తూకం ఉంటుంది. పరిశోధన అంటే ప్రధానంగా ప్రచురితమైన పత్రాలు, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క. అది పీహెచ్‌డీ చేయదలచుకున్నవారికి విలువైన సమాచారమే గాని, బీటెక్ రెండో సంవత్సరంలో డేటా స్ట్రక్చర్స్ చెప్పే మాస్టారు తరగతికి క్రమంగా వస్తారా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

విదేశీ జాబితాల సంగతి ఇంకా వేరు. క్యూఎస్ జాబితాలో 30 శాతం మార్కులు విద్యావేత్తల అభిప్రాయ సేకరణ నుంచి, మరో 15 శాతం ఉద్యోగమిచ్చే సంస్థల అభిప్రాయ సేకరణ నుంచి వస్తాయి. అంటే దాదాపు సగం మార్కులు పేరు విన్నవారు ఆ పేరుకు వేసే మార్కులే. 2003లో మొదలైన షాంఘై జాబితా నోబెల్ బహుమతులను, గణితంలో ఫీల్డ్స్ పతకాలను, 'నేచర్', 'సైన్స్' పత్రికలలోని వ్యాసాలను లెక్కిస్తుంది. సంస్కృత వ్యాకరణంలోనో న్యాయ దర్శనంలోనో దేశమంతటా పండితులు గౌరవించే పీఠం మన ఊళ్లోనే ఉన్నా, అలాంటి కొలబద్దకు అది కనిపించదు. అదేవిధంగా వాతావరణ భౌతికశాస్త్రం చదవాలనుకునే విద్యార్థికి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొత్తం ర్యాంకు కన్నా, తిరుపతికి దగ్గరలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, పై వాతావరణాన్ని పరిశీలించే దాని భారీ ఎంఎస్‌టీ రాడార్ ఉండడమే ఎక్కువ ముఖ్యమైన విషయం కావచ్చు.

అపోహ: నాక్ ఏ ప్లస్ ప్లస్ ఉంటే ఇక వెనకాముందూ చూడనక్కరలేదు.

వాస్తవం: "మా పాపకు సీటొచ్చిన కాలేజీకి ఏ ప్లస్ ప్లస్ ఉండాదంట గదా సార్, కండ్లు మూసుకొని చేర్పించొచ్చా?" అని ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. బెంగళూరు కేంద్రంగా 1994 నుంచి ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేస్తున్న నాక్, నాలుగు పాయింట్ల కొలమానం మీద 3.51, అంతకు మించి వచ్చిన సంస్థకు ఏ ప్లస్ ప్లస్ ఇస్తుంది. 3.26 నుంచి 3.50 వరకు ఏ ప్లస్, 3.01 నుంచి 3.25 వరకు ఏ. అంటే హోర్డింగు మీద ఎంతో తేడాగా కనిపించే రెండు సంస్థల మధ్య ఉన్న తేడా ఒక్కోసారి దశాంశంలో రెండో స్థానంలో ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఈ గ్రేడు సంస్థ మొత్తానికి వర్తిస్తుంది. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అందే సహాయం, పాలన, సంస్థాగత విలువలు అనే ఏడు అంశాల సగటు అది. సివిల్ శాఖ బలంగా ఉండి, నిరుడు తెరిచిన ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ శాఖకు సరైన అధ్యాపకులే లేకపోయినా గ్రేడు ఒక్కటే. పైగా దానికి సాధారణంగా ఐదేళ్ల కాలపరిమితి ఉంటుంది కాబట్టి, గ్రేడుతో పాటు అది వచ్చిన తేదీని కూడా అడగాలి.

కోర్సు స్థాయిలో నాణ్యతను చూసి గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌బీఏ. ఏ బ్రాంచికి గుర్తింపు ఉందో, ఏ తేదీ వరకు ఉందో ఎన్‌బీఏ వెబ్‌సైటులోనే ఉంటుంది. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, దాన్ని కళాశాలలు తమంతట తాము చెప్పవు. ఇంజినీరింగ్ కోర్సులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందింది గాని, ఆ ఒప్పందం కింద ఇతర దేశాలలో సమాన గుర్తింపు దక్కేది టైర్ వన్ (విశ్వవిద్యాలయాలకూ అటానమస్ సంస్థలకూ వర్తించే వర్గం) కింద గుర్తింపు పొందిన కోర్సులకే. విదేశాలలో ఇంజినీరుగా లైసెన్సు తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవారు ఈ ఒక్క మాట తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

అపోహ: 95 శాతం ప్లేస్‌మెంట్లు, 40 లక్షల ప్యాకేజీ.

వాస్తవం: ఈ రెండు అంకెలూ అబద్ధం కానవసరం లేదు. అవి ఏ లెక్కకు జవాబులో తెలుసుకోవడమే అసలు పని. 40 లక్షలు ఒక విద్యార్థికి వచ్చిన జీతం. 95 శాతం అన్నది చాలాచోట్ల అర్హత ఉండి, పేరు నమోదు చేసుకున్న విద్యార్థులలో ఉద్యోగం వచ్చినవారి నిష్పత్తి. బ్యాక్‌లాగులు ఉన్నవారు, నిర్ణీత మార్కుల శాతం లేనివారు ఆ లెక్క మొదలుకాకముందే బయటికి వెళ్లిపోతారు. కొన్నిచోట్ల ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కిస్తారు.

దీనికి విరుగుడు ఉచితంగానే దొరుకుతుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా తాను సమర్పించిన సమాచారాన్ని తన వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా పెట్టాలి. హోమ్ పేజీలో ఎక్కడో అడుగున చిన్న అక్షరాలతో ఆ లింకు ఉంటుంది. తెరిచి, ప్లేస్‌మెంట్, ఉన్నత విద్య అనే పట్టిక దాకా వెళ్లండి. అందులో ఎడమ నుంచి కుడికి, మొదటి సంవత్సరంలో చేరినవారు, డిప్లొమా తరువాత రెండో సంవత్సరంలో నేరుగా చేరినవారు, నిర్ణీత గడువులోనే డిగ్రీ పూర్తి చేసినవారు, ఉద్యోగాలు వచ్చినవారు, వారి మధ్యస్థ జీతం, ఉన్నత విద్యకు వెళ్లినవారు అనే గడులు వరుసగా ఉంటాయి.

ఒక ఊహాజనితమైన కళాశాలను తీసుకుందాం. మొదటి సంవత్సరంలో 600 మంది, రెండో సంవత్సరంలో 60 మంది చేరారు. గడువులో డిగ్రీ పూర్తి చేసినవారు 480 మంది. ఉద్యోగాలు వచ్చినవారు 260, ఉన్నత విద్యకు వెళ్లినవారు 40, మధ్యస్థ జీతం ఏడాదికి 4,00,000 రూపాయలు. ఈ కళాశాలలో ప్లేస్‌మెంట్లకు అర్హులుగా నమోదైనవారు 275 మందే అయితే 95 శాతం అన్న హోర్డింగు నిజమే. కాని చేరిన 660 మందిలో చూస్తే ఉద్యోగం వచ్చినవారు 40 శాతం లోపు. 180 మంది గడువులో చదువు ముగించలేకపోయారు, ముగించినవారిలో మరో 180 మంది సంగతి ఈ పట్టికలో లేదు. మధ్యస్థ జీతం 4 లక్షలు అంటే, ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకన్నా తక్కువో, అంతేనో వస్తున్నదని అర్థం. తల్లిదండ్రులు నాతో మాట్లాడేటప్పుడు ప్యాకేజీ గురించే అడుగుతారు గాని, ఆ మొదటి 180 మంది గురించి దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో కళాశాల బోధన ఎలాంటిదో చెప్పే అంకె అదే.

అదే పీడీఎఫ్‌లో చివరి పుటలలో అధ్యాపకుల జాబితా ఉంటుంది. పేరు, హోదా, అర్హత, నెలల్లో అనుభవం, చేరిన తేదీ, రెగ్యులరా కాదా అన్నవి అందులో ఉంటాయి. చేరిన తేదీల గడి మీద వేలు పెట్టి కిందికి దిగుతూ పోతే, పదేళ్లుగా ఉన్నవారు ఎందరో, గత ఏడాదిలో చేరినవారు ఎందరో ఐదు నిమిషాలలో తేలిపోతుంది. సగానికి సగం మంది కొత్తవారైతే కారణం అడగవలసిందే. అయితే ప్లేస్‌మెంట్ పట్టిక బీటెక్ మొత్తానికి కలిపి ఉంటుంది, బ్రాంచీల వారీగా ఉండదు. ఆ విభజనను కళాశాల ప్లేస్‌మెంట్ అధికారిని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. లెక్క ఉన్న కళాశాల ఇస్తుంది. "అన్ని బ్రాంచీలకూ బాగుంటుందండీ" అన్న జవాబు వస్తే, దాన్ని కూడా ఒక సమాచారంగానే తీసుకోవచ్చు.

అపోహ: ఇంత పెద్ద జాబితాలోకి ఎక్కిన అంకెలను ఎవరో తనిఖీ చేసే ఉంటారు.

వాస్తవం: కొంతవరకు చేస్తారు, పూర్తిగా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. మూలం సంస్థ స్వయంగా ఇచ్చిన సమాచారమే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఒక ప్రసిద్ధ జాబితాలో రెండో స్థానంలో ఉండగా, 2022లో అక్కడి గణిత ఆచార్యుడు మైకేల్ థాడియస్ తన సంస్థ సమర్పించిన అంకెలనే విడదీసి ప్రశ్నించారు. కొన్ని అంకెలు సరైనవి కావని విశ్వవిద్యాలయం ఒప్పుకొంది, అదే ఏడాది ర్యాంకు 18కి పడిపోయింది. ఆ మధ్యలో అక్కడి తరగతి గదులలో బోధన ఏమీ మారలేదు. మన దేశంలో 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచాల కేసులో నాక్ తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. 2020లో ఏడు పాత ఐఐటీలు, లెక్క కట్టే తీరులో పారదర్శకత లేదంటూ ఒక అంతర్జాతీయ జాబితాకు దూరంగా ఉంటామని ప్రకటించాయి. ఇన్ని చెప్పినా, అంకెలు నింపేవారిలో అత్యధికులు నిజాయితీగానే నింపుతారని నా అనుభవం. మామూలుగా జరిగేది మోసం కన్నా, నిర్వచనాన్ని తమకు అనుకూలంగా సాగదీయడం.

అపోహ: అటానమస్ అయితే విశ్వవిద్యాలయంతో సమానం, డీమ్డ్ అయితే ఇంకా గొప్ప.

వాస్తవం: ఇవి పరిపాలనా హోదాలే గాని నాణ్యతా ముద్రలు కావు. అటానమస్ కళాశాల పాఠ్యప్రణాళికను, పరీక్షలను తానే చూసుకుంటుంది, డిగ్రీని మాత్రం మాతృ విశ్వవిద్యాలయమే ఇస్తుంది. డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీ తామే ఇస్తాయి. అసలు డిగ్రీ ఇచ్చే అధికారమే లేని సంస్థల జాబితాను యూజీసీ ప్రకటిస్తూ ఉంటుంది, పేరు కొత్తగా అనిపిస్తే అక్కడ ఒకసారి చూడడం మంచిది.

అపోహ: పాతదైతేనే పేరు, కొత్తది నమ్మలేం.

వాస్తవం: పేరు నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది, కాబట్టి అది ఎప్పుడూ వాస్తవానికి కొన్నేళ్లు వెనకబడే ఉంటుంది. ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, ఐసర్ తిరుపతి రెండూ 2015లో మొదలైనవే. మొదట్లో ఐఐటీకి మద్రాసు ఐఐటీ, ఐసర్‌కు పుణె ఐసర్ మార్గదర్శకత్వం వహించాయి. వయసును బట్టి పేరు తక్కువ కావచ్చు గాని, చిన్న తరగతులు, కొత్త ప్రయోగశాలలు చదువుకునేవారికి ఇచ్చేది వేరు. ఇటువైపు, ఒక తరం కిందట గొప్పగా వెలిగిన ఒక శాఖలో పదవీ విరమణ చేసినవారి స్థానాలు భర్తీ కాకపోతే, పాత పేరు మాత్రం అలాగే చెలామణి అవుతూ ఉంటుంది.

అపోహ: అమెరికాలో ఏ విశ్వవిద్యాలయమైనా ఒకటే, ఐ-20 (విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) వస్తే చాలు.

వాస్తవం: ఈ మాటకు మన పిల్లలు చెల్లించిన మూల్యం తెలిసినదే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద వీసా మోసం కేసులో అధికారుల సోదాలు జరిగినప్పుడు బాధపడినవారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమైతే, అక్రమాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థే సృష్టించిన నకిలీ. దానికి వెబ్‌సైటు ఉంది, గుర్తింపు ఉన్నట్టు చూపించే వివరాలూ ఉన్నాయి. లేనివి తరగతులు, అధ్యాపకులు. శాఖ పుటను తెరిచి, అక్కడ పాఠం చెప్పేవారి పేర్లు, ఈ సెమిస్టరు కోర్సులు వెతికే అలవాటు ఉన్నవారికి అలాంటి చోట మొదటే అనుమానం రావాలి.

ఇంకొక కొస కూడా ఉంది. జర్మనీలో హోఖ్‌షూలే అనే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు పరిశోధన పత్రాలు తక్కువగా ప్రచురిస్తాయి కాబట్టి ప్రపంచ జాబితాలలో సాధారణంగా పైకి రావు. కాని పరిశ్రమతో వాటికి ఉన్న సంబంధం గట్టిది. ర్యాంకు లేదని మన కన్సల్టెన్సీలో పక్కన పెట్టించిన దరఖాస్తు, ఉద్యోగం కోరుకునే మెకానికల్ విద్యార్థికి సరైనదే అయి ఉండవచ్చు.

అపోహ: అయితే ర్యాంకులు ఎందుకూ పనికిరావు.

వాస్తవం: ఎవరైనా వాటిని నిబంధనలోకి ఎక్కించినప్పుడు బాగా పనికొస్తాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టు, హామీదారు లేకుండా విద్యారుణం దొరికేది ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఆధారంగా ఎంపికైన సంస్థలలో చేరినవారికే. ఏదైనా విభాగంలో తొలి 100 స్థానాలలో ఉన్నవి, 101 నుంచి 200 వరకు ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఆ జాబితాలో ఉంటాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం విదేశీ విద్యా పథకానికి క్యూఎస్ జాబితాలోని తొలి 200 విశ్వవిద్యాలయాలను ప్రమాణంగా పెట్టింది. పేరున్న విదేశీ విశ్వవిద్యాలయాల పట్టభద్రుల కోసం అదే ఏడాది బ్రిటన్ తెచ్చిన హై పొటెన్షియల్ వీసా కూడా ప్రపంచ జాబితాలలోని స్థానం మీదనే ఆధారపడింది. ఇలాంటి చోట్ల 100వ స్థానానికీ 101వ స్థానానికీ మధ్య, చదువులో లేని తేడా డబ్బులో కనిపిస్తుంది. ఆ జాబితాలు ఏటా మారుతుంటాయి కాబట్టి, రుణం మీద ఆధారపడి చేరేవారు నిరుటి బ్రోచరును కాక, ఈ ఏడాది జాబితాలో సంస్థ పేరు ఉందో లేదో బ్యాంకులోనే అడిగి, ఆ తరువాతే అడ్మిషన్ ఫీజు కట్టాలి.