నీలిరంగు చెప్పని నిజం

రక్తం నుంచి వేరుచేసిన తెల్ల రక్తకణాలను (లింఫోసైట్లు, మోనోసైట్లు) ద్రవ నైట్రోజన్‌లో ఏళ్ల తరబడి దాచవచ్చు. కరిగించాక చచ్చిన కణాల్లోకే దూరే ట్రైపాన్ బ్లూ అనే నీలిరంగు కలిపి చూస్తే నూటికి తొంభై బతికున్నట్టే కనిపించవచ్చు. చిక్కు ఆ తొంభైతోనే. కణపు పొర చిరగలేదనే తప్ప, లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంగతి ఆ రంగు చెప్పలేదు.

చల్లార్చే వేగం మరీ ఎక్కువైతే కణం లోపలే మంచు కడుతుంది. మరీ తక్కువైతే నీరంతా బయటికి పోయి, ఉప్పు చిక్కబడి కణం ముడుచుకుపోతుంది. అందుకే నిమిషానికి 1 డిగ్రీ చొప్పున దించుతారు. మామూలు పాళ్లు: 90 శాతం సీరమ్, మంచు దెబ్బ నుంచి కణాన్ని కాపాడే డీఎంఎస్ఓ 10 శాతం, మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు. ఆ వేగం కోసం సీసాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డబ్బాలో పెట్టి మైనస్ 80 ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి, మర్నాడే నైట్రోజన్ ఆవిరిలోకి మార్చాలి. 'వచ్చేవారం చూద్దాంలే' అనుకుంటేనే నష్టం. మైనస్ 80 దగ్గర మార్పులు పూర్తిగా ఆగవు. సుమారు మైనస్ 135 కిందే నీరు గాజులా బిగుసుకుంటుంది. పక్క సీసా కోసం ర్యాక్ పైకి లాగిన ప్రతిసారీ మన సీసా కూడా కాస్త వెచ్చబడుతుంది.

కరిగించడం 37 డిగ్రీల నీటిలో, చిన్న మంచుపలుకు మిగిలేదాకా. తర్వాత గోరువెచ్చని మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) చుక్కచుక్కగా కలపాలి. ఒక్కసారే పోస్తే, డీఎంఎస్ఓ బయటికి రాకముందే నీరు లోపలికి దూరి కణం ఉబ్బి పగులుతుంది. పగిలినవాటి డీఎన్ఏ జిగురులా మారి మిగతావాటిని ఉండకట్టిస్తుంది. దానికి డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్ డీఎన్ఏజ్ విరుగుడు.

చలిలో సోడియం పంపులు ఆగి, లోపలికి సోడియం చేరుతుంది, పొటాషియం జారిపోతుంది. కరగగానే దాన్ని సర్దడానికి కణపు ఇంధనమైన ఏటీపీ ఖర్చవుతుంది, అదీ దెబ్బతిన్న మైటోకాండ్రియా మీదే భారం. సీహార్స్ యంత్రంలో ముందు ఏటీపీ తయారీని ఆపే ఒలిగోమైసిన్, తర్వాత శ్వాసను గరిష్ఠానికి నెట్టే ఎఫ్‌సీసీపీ, చివర ఆ శ్వాసను ఆపేసే రోటినోన్, యాంటీమైసిన్ వేసి ఆక్సిజన్ వాడకం కొలుస్తారు. ఎఫ్‌సీసీపీతో చేరే గరిష్ఠానికి, మామూలు వాడకానికి ఉన్న తేడాయే నిల్వ సామర్థ్యం. పాత రోగక్రిములను గుర్తుంచుకునే జ్ఞాపక టీ కణాలకు ఇది ముఖ్యం. గడ్డకట్టించిన నమూనాల్లో తగ్గేదీ తరచూ ఇదే.

రాత్రంతా 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో విశ్రాంతినిస్తే కణాలు కొంత కోలుకుంటాయి. లోపల దెబ్బతిన్నవి, కణం తనంతట తానే చనిపోయే అపొప్టోసిస్‌తో రాలిపోయేదీ అప్పుడే. కాబట్టి లెక్క విశ్రాంతి తర్వాతే తీయాలి. కాకపోతే అప్పుడు కొలిచేది గట్టివాటినే, అన్నిటినీ కాదు. తాజా నమూనాను, దాచినదాన్ని ఒకే పోలికలో పెట్టకూడదు. ఒకే రోగి నుంచి వేర్వేరు నెలల్లో తీసినవైతే అన్నిటినీ ఒకే రోజు, ఒకే బ్యాచ్ సీరమ్‌తో కరిగించాలి.