మాట ఎవరు మొదలుపెట్టారో రౌటర్‌కు గుర్తుంటుంది

రౌటర్ సెట్టింగ్స్‌లో, ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్ అనే పేజీ ఒకటి ఉంటుంది. నేను దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు నిజంగానే టెన్షన్ పడ్డాను. ఇంట్లో అందరూ నిద్రపోతున్న వేళ కూడా, ఎక్కడెక్కడి నుంచో ఎవరెవరో 22, 23, 3389 పోర్టులను (ఒక్కో రకం సేవకు ఒక్కో నంబరున్న తలుపులు) తట్టి చూసిన ఆనవాళ్లు వరసగా కనిపించాయి. ప్రతి వరస చివరా ‘డ్రాప్’ అని ఉంది. అంటే రౌటర్‌లో కాపలా కాసే ఫైర్‌వాల్ తలుపు తీయలేదు, కనీసం పలకలేదు.

ఇది మన మీద ఎవరో పగబట్టి చేసే పని కాదు. ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లు. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో జీమ్యాప్ అనే ప్రోగ్రామ్ రాశారు. వేగమైన కనెక్షన్ ఉంటే ఒక్క కంప్యూటర్‌తోనే 45 నిమిషాల్లోపు ఆ చిరునామాలన్నిటి దగ్గరా ఒక పోర్టును తట్టి రావచ్చని దానితో చూపించారు. కాబట్టి మన ఇంటిని ఎవరూ ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు, వరసలో మన వంతు అదే వస్తుంది.

మరి ఎవరిని రానివ్వాలో రౌటర్‌కు ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచామనుకోండి. ఫోన్ చిరునామా 192.168.1.7, పోర్టు 51514. అవతల సర్వర్ చిరునామా, దాని పోర్టు 443. ఈ నాలుగింటినీ, డేటా పంపే పద్ధతి టీసీపీనా యూడీపీనా అన్నదాన్నీ కలిపి రౌటర్ తన పట్టికలో ఒక వరసగా రాసుకుంటుంది. బయటి నుంచి ప్యాకెట్ (డేటా ముక్క) రాగానే పట్టిక చూస్తుంది. అది మనం అడిగినదానికి జవాబైతే లోపలికి పంపుతుంది, కాకపోతే పారేస్తుంది. కాసేపు మాటల్లేకపోతే ఆ వరసను చెరిపేస్తుంది. మంచివాడెవడో చెడ్డవాడెవడో దానికి తెలియదు. మాట ముందు ఎవరు మొదలుపెట్టారో మాత్రమే తెలుసు. ఇంత చిన్న సూత్రం ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

చిక్కల్లా ఈ పట్టికను పక్కకు నెట్టి లోపలికొచ్చే దారులతోనే. యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా ‘నా కోసం ఈ పోర్టు తెరిచి ఉంచు’ అని అడగగలదు. చాలా రౌటర్లు పాస్‌వర్డ్ కూడా అడగకుండా తెరిచేస్తాయి. దాన్ని ఆపేయండి. బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే రిమోట్ మేనేజ్‌మెంట్‌నూ ఆపేయండి. కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కెమెరాలను, వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లను, రౌటర్లను పట్టేసింది. దాని చేతిలో ఉన్నదల్లా అరవై పైచిలుకు డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు! ఆ ఏడాది అక్టోబర్ 21న అలా చిక్కిన పరికరాలు వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే (డీఎన్ఎస్) సంస్థ డైన్ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు.

వైఫై వైపు, పాస్‌వర్డ్ బదులు అంకెలతో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను తప్పకుండా ఆపేయాలి. ఎనిమిది అంకెల పిన్ అంటే కోట్ల సార్లు ప్రయత్నించాలనిపిస్తుంది. కానీ రౌటర్ మొదటి నాలుగు అంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. మిగతా నాలుగింట్లో చివరిది ముందు అంకెల నుంచి లెక్కగట్టేదే. కాబట్టి 10,000, ఆపైన 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. పాస్‌వర్డ్ ఎంత పొడవు పెట్టినా ఈ పక్కదారి తెరిచి ఉంటే ఏం లాభం? వైఫై భద్రతా పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది ఎంచుకోండి, లేదంటే డబ్ల్యూపీఏ2.

ఐపీవీ4 తర్వాతి తరం చిరునామాల పద్ధతి ఐపీవీ6 వాడుతుంటే ఇంకో సంగతి. అక్కడ ఇంట్లోని పరికరాలకు సాధారణంగా బయటికి కనిపించే సొంత చిరునామాలే ఉంటాయి. అందుకని రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

రౌటర్ ఉంది కదా, కంప్యూటర్‌లో మళ్లీ ఫైర్‌వాల్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఒకే వైఫై మీద ఉన్న టీవీ, ల్యాప్‌టాప్ మాట్లాడుకునేటప్పుడు రౌటర్‌లోని ఫైర్‌వాల్ సాధారణంగా అడ్డుపడదు. అక్కడ ల్యాప్‌టాప్ తనను తానే కాచుకోవాలి. 2003 ఆగస్టులో, తనంతట తానే పాకే మాల్వేర్ బ్లాస్టర్ వార్మ్ విండోస్ కంప్యూటర్ల మీద పడినప్పుడు ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ ఆన్‌లో లేదు. ఏడాది తర్వాత వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో అది దానంతటదే ఆన్ అవడం మొదలైంది. బయట వైఫైకి కనెక్ట్ అయినప్పుడు విండోస్‌లో ‘పబ్లిక్’ ఎంచుకుంటే ఆ ఫైర్‌వాల్ మరింత కట్టుదిట్టంగా ఉంటుంది.

ఇక పట్టిక ఆపలేనిది ఒకటుంది. మెయిల్‌లో వచ్చిన ఫైల్ తెరిచి మనమే మాల్వేర్‌ను లోపలికి తెచ్చుకుంటే, అది లోపలి నుంచే బయటికి మాట కలుపుతుంది. మాట మొదలుపెట్టింది ఇంట్లోవాళ్లే కదా అని రౌటర్ జవాబులను రానిస్తుంది. అప్‌డేట్లు సరిగా రాని కెమెరాలను, టీవీలను నేను గెస్ట్ నెట్‌వర్క్‌లో (ఇంటి వైఫైకి వేరుగా ఉండేది) ఉంచేది అందుకే. వాటిలో ఏదైనా మాల్వేర్ చేతికి చిక్కినా, ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న ల్యాప్‌టాప్ దానికి కనిపించదు.