పచ్చ చుక్క పనికి సాక్ష్యం కాదు

ఈ నెలలోనే కొత్తగా టీమ్ లీడ్ అయిన ముగ్గురు ఆఫీసు చాట్ యాప్‌లో పేరు పక్కన కనిపించే చుక్క గురించి విడివిడిగా నన్ను ఒకే మాట అడిగారు. "ఫలానా అతని చుక్క మధ్యాహ్నమంతా పసుపుగానే ఉంటోందండీ, ఏమనమంటారు?" ఏమీ అనొద్దు. ముందు ఈ సంగతి వినండి.

అపోహ: చుక్క ఆకుపచ్చగా ఉంటే పని జరుగుతున్నట్టే.

వాస్తవం: కంప్యూటర్‌ను ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే మైక్రోసాఫ్ట్ టీమ్స్ అనే చాట్ యాప్ చుక్కను పసుపు చేస్తుంది, అంటే మనిషి సీట్లో లేడని. దానికి తెలిసింది అంతే. కాగితం మీద డిజైన్ గీసుకుంటున్నా పసుపే, కునుకు తీసినా పసుపే. మౌసును కదిలించే పరికరం కొనుక్కున్నవాడిది మాత్రం ఎప్పుడూ పచ్చే. కీబోర్డు వాడుతున్నట్టు నటించారని 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజను మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. దేన్ని లెక్కపెడతామో జనం దాన్నే చూపిస్తారు మరి. 1982లో ఆపిల్‌లో వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారంలో నింపమన్నారు. అక్కడి ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ అప్పుడే ఒక ప్రోగ్రామును తిరగరాసి చాలా వేగవంతం చేశాడు, కోడ్ రెండు వేల లైన్లు తగ్గింది. ఫారంలో "మైనస్ 2000" అని రాసిచ్చాడు. కొన్ని వారాలకు ఆయనను ఆ ఫారం అడగడమే మానేశారు.

నాకూ ఈ చుక్కల జబ్బు ఉండేది. 2020 లాక్‌డౌన్‌లో మా బృందంలో కొత్తగా చేరిన ఒక కుర్రాడి చుక్క రాత్రి పదకొండింటికి కూడా పచ్చగా ఉండేది. అందరూ ఉన్న కాల్‌లో మెచ్చుకున్నాను. తీరా రిలీజుకు ముందురోజు తెలిసింది, నాలుగు రోజులుగా అతని పని అడుగు కదల్లేదని. డేటాబేస్‌కు అనుమతి లేదు. అది ఇవ్వాల్సింది నేనే, ఐదు నిమిషాల పని. "అడగలేదేం?" అన్నాను. "అందరి ముందూ మెచ్చుకున్నారు కదండీ, ఇంత చిన్నదానికి అడిగితే బాగుండదని..." అన్నాడు. నోరు మూయించింది నా మెచ్చుకోలే.

అప్పటి నుంచి "ఎంతవరకు వచ్చింది?" అని అడగడం మానేశాను. దానికి వచ్చే జవాబు "అయిపోవచ్చిందండీ" ఒక్కటే, వారమంతా అదే. "ఎక్కడ ఆగింది?" అని అడిగి ఊరుకుంటాను. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోవాలి. అసలు విషయం బయటికొచ్చాక కూడా పరిష్కారం వెంటనే చెప్పేయను, ఏమేం ప్రయత్నించారో ముందు వింటాను. సగంసార్లు చెబుతూ చెబుతూ వాళ్లకే తడుతుంది.

మిగతా అపోహలు త్వరగా ముగిస్తాను. బాగా కోడ్ రాసేవాడే మంచి మేనేజర్ అవుతాడా? 2008లో మొదలుపెట్టిన పరిశీలనలో గూగుల్ మంచి మేనేజర్ల లక్షణాలు ఎనిమిది తేల్చింది. నేర్పే గుణం మొదటిది, సాంకేతిక నైపుణ్యం చిట్టచివరిది. లోపాలు పనితీరును అంచనా వేసే అప్రైజల్‌లోనే చెప్పాలా? జూన్‌లో చేసిన తప్పు మార్చిలో చెబితే అది తీర్పు, సలహా కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ 2012లోనే ఏడాదికోసారి జరిపే ఆ తంతు ఎత్తేసింది. ఏఐ వచ్చింది కాబట్టి కొత్తవాళ్లకు నేర్పనక్కర్లేదా? అది రాసిన కోడ్ తప్పో ఒప్పో చూసేదెవరు?

ఇక చుక్క పసుపైతే ఏమంటారోనని కంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎడమచేత్తో మౌసు కదుపుతూ తినేవాళ్లకు ఒక మాట. ఐదు నిమిషాల్లో ఎవరూ అన్నం తినలేరు. స్టేటస్‌లో "భోజనం" అని రాసిపెట్టి లేవండి.