వల కన్నులో సముద్రం

తీరం దగ్గర బకెట్‌తో ముంచిన నీళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ప్రాణులు లేకకాదు, అవి అంత చిన్నవి, అంత పలచగా ఉన్నాయి కాబట్టి. నీటి వాలుకు కొట్టుకుపోయే ఇలాంటి చిన్న ప్రాణులే ప్లవకాలు. వాటిని పోగుచేయడానికి ప్లవకాల వల కావాలి. గరాటులా కుట్టిన నైలాన్ గుడ్డ, మూతికి లోహపు కడియం, తోక చివర చిన్న సీసా, అంతే దాని నిర్మాణం.

విద్యార్థులతో బయలుదేరే ముందే వల కన్ను ఎంత ఉండాలో తేల్చుకోవాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 200 మైక్రాన్ల కన్నులో కోపీపాడ్‌లనే చిట్టి రొయ్యల చుట్టాల్లో పెద్దవి, పీతల లార్వాలు ఆగుతాయి. ఒకే కణంతో బతికే నాచులైన డయాటమ్‌లు చాలావరకు జారిపోతాయి. వాటికి 20 మైక్రాన్ల వల వాడాలి, కానీ బురద నీటిలో అది త్వరగా మూసుకుపోతుంది. ఒక్క వలతోనే సరిపెట్టుకోవాలంటే 200దే మేలు. కదిలే జీవి కనిపిస్తేనే పిల్లలు మైక్రోస్కోపును వదలరు.

మూతి వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుందాం. మూతి పూర్తిగా మునిగేలా, సెకనుకు అర మీటరు చొప్పున 20 మీటర్లు లాగాలి. 40 సెకన్లలో సుమారు 1,400 లీటర్ల నీరు వలలోంచి పోతుంది. తొందరపడితే వల వడకట్టగలిగినదానికన్నా ఎక్కువ నీరు మూతి దగ్గర చేరి, ఎదురుతన్ని పక్కలకు పొర్లుతుంది. నీటి కదలికను పసిగట్టి ఒక్కసారిగా దూకే కోపీపాడ్‌లకు అదే సందు. పైకి తీశాక వలను బయటి వైపు నుంచే సముద్రపు నీటితో కడగాలి. లోపల పోస్తే ఆ నీటిలోని జీవులూ లెక్కలో చేరిపోతాయి.

ఎక్కువగా పాడయ్యేది దీని తర్వాతే. చిన్న సీసాలో వేల ప్రాణులు కిక్కిరిసి, ఎండకు నీరు వేడెక్కితే ఆక్సిజన్ అయిపోతుంది. తరగతికి చేరేసరికి మిగిలేది తెల్లటి మడ్డి. పట్టినదాన్ని వెంటనే రెండు లీటర్ల సముద్రపు నీటిలో కలిపి, పాత్రను సగానికి మించి నింపకుండా, నీడలో తడిగుడ్డ చుట్టి ఉంచాలి. నమూనా చెడకుండా వేసే ఫార్మలిన్ జోలికి పోవద్దు, దాని ఆవిరి హానికరం.

గుంట ఉన్న స్లైడు మీద ఒక చుక్క వేసి 40 రెట్లు పెద్దదిగా చూస్తే చాలు. జీవి పారిపోతుంటే రెండు దూది పోగులు అడ్డం వేయాలి. నుదుటికి రెండు కొమ్ములున్న నాప్లియస్ అనే తొలిదశ లార్వా కనిపిస్తే అది బార్నకిల్ పసితనం. రాతికి అతుక్కుని గుల్లలో బతికే బార్నకిల్‌ను ఒకప్పుడు నత్తల జాతిలో కలిపేశారు. ఇలాంటి వలనే వాడిన ప్రకృతి శాస్త్రవేత్త జాన్ వాన్ థాంప్సన్ దాని లార్వాలు పెరిగి మారడం గమనించి, అది పీతలకు, రొయ్యలకు చుట్టమని 1830లో చూపించాడు. వీపున పొడవాటి ముల్లుతో తిరిగే జోయియా పీత పిల్లే, తల్లి పోలిక ఒక్కటీ ఉండదు.

లెక్కకు, పాత్రను మెల్లగా కలియదిప్పి, అడుగుకు దిగేలోపే 10 మిల్లీలీటర్లు తీయాలి. అందులో 15 కోపీపాడ్‌లుంటే రెండు లీటర్లలో 3,000. ఘనపు మీటరుకు సుమారు 2,100. అయితే వల లోపలి గుడ్డ జిగటగా, పచ్చగా తయారైతే 1,400 లీటర్లూ దానిలోంచి పోలేదని అర్థం. అప్పుడు వచ్చిన అంకె అసలు కన్నా తక్కువే. ఆ గుడ్డ రంగు, పోటు సమయం, పగలో రాత్రో కూడా అంకె పక్కనే రాయించాలి, ఎందుకంటే చాలా జంతు ప్లవకాలు పగలు లోతుకు దిగి, చీకటి పడ్డాక పైకి వస్తాయి.