అపోహలు – వాస్తవాలు: ‘న్యూస్’ నాలుగు దిక్కుల నుంచి రాలేదు

పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇంగ్లీషు వ్యాకరణం బోధించే నాకు, కొత్త బ్యాచ్ చేరిన తొలి వారంలోనే ఏటా ఎదురయ్యే మాట ఒకటుంది: నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే మాటల తొలి అక్షరాలు కలిసి ‘న్యూస్’ అయిందట. వినడానికి ముచ్చటగా ఉన్నా ఇందులో నిజం లేదు. నేను సైతం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది దీన్ని బోర్డు మీద రాసి చప్పట్లు కొట్టించుకున్నవాడినే.

‘కొత్త’ అనే అర్థమిచ్చే ‘న్యూ’కు బహువచనపు ‘ఎస్’ చేరగా ఏర్పడిన మాట ఇది. 14వ శతాబ్ది చివరలో ‘కొత్త సంగతులు’ అనే అర్థంలో వాడుకలోకి వచ్చి, 15వ శతాబ్దిలో కబురు అనే అర్థాన్ని సంతరించుకుంది. ఫ్రెంచివారి ‘నువెల్’ కూడా ఇలా ‘కొత్త’లోంచి పుట్టినదే. పాత రాతల్లో దీనిని ‘ఎన్, ఇ, డబ్ల్యూ, ఇ, ఎస్’ అని కూడా రాసేవారు. ఆ రెండో ‘ఇ’ ఏ దిక్కో ప్రచారకులే చెప్పాలి. దిక్కుల ముచ్చట 1640 నాటి ఒక ఆంగ్ల చమత్కార పద్యంలో ఉంది; ఆ చమత్కారాన్నే మన గైడ్లు చరిత్రగా అచ్చువేస్తున్నాయి.

‘టిప్’, ‘పోష్’ అనే మాటలకు చెప్పే పొడి అక్షరాల కథలకూ ఆధారాలు లేవు, వాటిని వదిలేద్దాం. మార్కులు పోయేది ‘న్యూస్’ దగ్గరే. దిక్కుల కథ చివరి ‘ఎస్’ను సౌత్‌కు అప్పగించి ఊరుకుంటుందే కానీ, ఈ మాట ఏకవచనమో బహువచనమో చెప్పదు. అందుకే పరీక్ష హాలులో అభ్యర్థికి తెలుగు ‘వార్తలు’ గుర్తుకొచ్చి, చేయి ‘న్యూస్ ఆర్’ వైపు వెళుతుంది. 16, 17 శతాబ్దాలలో ఈ మాటను ఏకవచనంగానూ బహువచనంగానూ వాడేవారు. నేటి ప్రామాణిక వాడుకలో మాత్రం ‘న్యూస్ ఈజ్’ ఒక్కటే ఒప్పు. లెక్కించే మాట కాదు గనుక ‘ఎ న్యూస్’ కూడా తప్పే, ‘ఎ పీస్ ఆఫ్ న్యూస్’ అనాలి.

నిరుడు ఒక అమ్మాయి, ‘న్యూస్ ఆర్’ అని రాసి మార్కు పోగొట్టుకున్న మాక్ టెస్టు పేపరు పట్టుకొని వచ్చి, “బడి నుంచీ తప్పే నేర్చుకున్నానా సార్?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తెలుగులో ఆలోచించేవారికి ఆ పొరపాటు సహజమని చెప్పి కూర్చోబెట్టాను. తేరుకున్నాక, “మరి ‘హెడ్‌లైన్స్ ఆర్’ కూడా తప్పేనా?” అని అడిగింది. తప్పు కాదమ్మా, హెడ్‌లైన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలం అన్నాను.