నీడ పరుగు, నూనె నిదానం

ఖాజాగూడ గుట్టల దగ్గర ఆరుబయట ఆయిల్ పెయింటింగ్ వేయాలనుకునేవాళ్లు రంగులు సర్దుకునే ముందు సూర్యుడి లెక్క చూసుకోవాలి. మార్చి 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచిన గంటకు బండ నీడ దాని ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లుంటుంది. ఇంకో గంటకు రెండు రెట్లు కూడా ఉండదు. మూడో గంట నిండేసరికి బండ ఎంతో నీడా ఇంచుమించు అంతే. బొమ్మకు ఆధారమైన ఆకారాలే ఇలా కుదించుకుపోతుంటే పెద్ద కాన్వాస్ పెట్టుకుని లాభం లేదు. 8×10 అంగుళాల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన) పలక, గంటన్నర సమయం చాలు. పలకకు జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) రెండు మూడు పూతలు వేసి, ఆరాక పల్చటి గోధుమ రంగు పూసి ఉంచితే తెల్లదనం కళ్లకు కొట్టదు.

మొదటి పది నిమిషాల్లోనే టర్పెంటైన్‌తో పల్చన చేసిన బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగుతో నీడల హద్దులు గీసేయాలి. ఆ తర్వాత ఎండ ఎటు జరిగినా వాటిని మార్చకూడదు. మారుస్తూ పోతే ఎడమ బండ మీద ఏడు గంటల ఎండ, కుడి బండ మీద తొమ్మిది గంటల ఎండ పడి, ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యుళ్లు కనిపిస్తారు.

వెలుగుకున్న తొందర ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనెకు లేదు. నీటి రంగుల్లో నీరు ఆవిరైపోతే పని అయిపోయినట్టే. అవిసె నూనె మాత్రం గాల్లోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. ఏప్రిల్ ఎండలో అక్రిలిక్ ప్యాలెట్ మీదే తొక్క కడుతుంది కానీ, ఆయిల్‌లో ఆకాశం అంచును గంట తర్వాత కూడా కొండలోకి కలపొచ్చు. ఈ మాధ్యమం ఇచ్చే అసలు సుఖం ఇదే. చిక్కూ ఇక్కడే ఉంది: తడి మీద తడి పడితే రంగులు కలిసి బురదవుతాయి. అందుకే ముదురు రంగులు ముందు పల్చగా, లేత రంగులు తర్వాత దట్టంగా వేయాలి. ప్రతి పూతకూ కుంచె తుడవాలి. బురదైన చోట ఇంకా రుద్దకుండా, కత్తితో గీకేసి మళ్లీ వేయడమే మేలు.

ఇక బండల రంగు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైట్‌ను దగ్గరగా చూస్తే గులాబీ ఫెల్డ్‌స్పార్, బూడిద రంగు క్వార్ట్జ్, నల్లటి మైకా పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. పది అడుగులు వెనక్కి జరిగితే అన్నీ కలిసిపోతాయి. ఎండ పడే ముఖానికి తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), చిటికెడు క్రిమ్సన్ (ముదురు ఎరుపు) సరిపోతాయి. నీడకు నలుపు వాడొద్దు. అక్కడ ఎండ పడదు కానీ ఆకాశపు నీలి వెలుగు పడుతుంది; అల్ట్రామరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపితే ఆ రంగు దొరుకుతుంది. బండ కింది అంచు దగ్గర ఎర్రమట్టి మీంచి ఎగసిన వెలుగుకు అదే నీడ కాస్త నారింజకు తిరుగుతుంది. ఎండకు సరిపెట్టి తీసిన ఫొటోలో ఇదంతా నల్లగా మూసుకుపోతుంది. ఇంట్లో కూర్చుని ఫొటో చూసి వేసేకంటే గుట్ట దగ్గరికి వెళ్లడమే మంచిదని చెప్పడానికి ఈ ఒక్క అంచు చాలు.

గండిపేట చెరువు ఒడ్డున పాఠం వేరు. దూరం పెరిగేకొద్దీ కొండలు నీలంగా మారతాయని అందరూ నేర్చుకుంటారు. వేసవిలో గాల్లో దుమ్ము ఎక్కువై ఆ నీలం తెల్లబారుతుంది. వాన వెలిసిన పూట దూరపు గట్టు కూడా గీత గీసినట్టు తేటగా ఉంటుంది.

పలక, ప్యాలెట్ రెండూ నీడలోనే ఉండాలి. ఎండలో పెట్టిన పలక మీద రంగులు వెలిగిపోతున్నట్టుంటాయి, దాంతో చెయ్యి ముదురు రంగుల వైపే పోతుంది. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. రంగురంగుల గొడుగు తన రంగును పలక మీద పడేస్తుంది కాబట్టి బూడిద రంగుదో నల్లదో తీసుకోవాలి. గాలికి ఈజిల్ (పలకను నిలబెట్టే స్టాండు) పడిపోకుండా దాని మధ్య నుంచి సంచి వేలాడదీసి అందులో రాళ్లు వేస్తే సరి. తడి రంగులో పురుగు అంటుకుంటే అప్పుడే లాగొద్దు. రంగు ఆరాక పట్టకారుతో తీస్తే మరక పడదు.

నూనె గుడ్డల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఆరేటప్పుడు అవిసె నూనె వేడి పుట్టిస్తుంది. గుడ్డల్ని ఉండ చుట్టి సంచిలో కుక్కితే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకోవచ్చు. మే నెలలో ఎండలో నిలిపిన కారులోనైతే ముప్పు మరీ ఎక్కువ. వాటిని మూతున్న రేకు డబ్బాలో నీళ్లలో ముంచి ఇంటికి తేవాలి. వాడిన టర్పెంటైన్‌ను బండల మీదా చెరువులోనూ పారబోయకుండా సీసాలో నిలవ ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరినదాన్ని వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు.